గాలిని పట్టిన వల

అత్తయ్య మంచం పక్కన స్టూలు మీద పెట్టిన రాగి చెంబు ఎత్తగానే నా చెయ్యి కిందకి లాగింది. చెంబు బరువుగా ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అంచుదాకా నీళ్ళు నింపి, పైన గ్లాసు బోర్లించి వెళ్ళాను. దీపాలు పెట్టే వేళకి కూడా అది అంతే బరువుతో ఉంది. గ్లాసు లోపల తడి లేదు.

బరువుని బట్టి సంగతి కనిపెట్టడం నాకు అలవాటు. పిల్లలు బడి నుంచి రాగానే టిఫిన్ డబ్బాలు, నీళ్ళ సీసాలు చేతిలోకి తీసుకుని తూచినట్టు చూస్తాను. చిన్నవాడి సీసా ఎప్పుడూ ఖాళీ. పెద్దదాని సీసా ఎప్పుడూ బరువే. "ఆటల్లో పడి మర్చిపోయానమ్మా" అంటుంది. నాలుగు కేకలేసి ఊరుకుంటాను. కానీ అత్తయ్య ఆటల్లో పడి మర్చిపోయే మనిషి కాదు కదా.

ఆవిడకి రాజమండ్రిలో మోకాలి ఆపరేషన్ చేయించాం. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ, ఆ తర్వాత మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి, చలిజ్వరంతో మంచం ఊగిపోయేలా వణికింది. ఇంటికి పంపే రోజు డాక్టరుగారు మందుల గురించి కంటే నీళ్ళ గురించే ఎక్కువ చెప్పారు. "ఈవిడ నీళ్ళు తాగకపోతే మళ్ళీ నా దగ్గరికే తీసుకొస్తారమ్మా. ఈసారి ఇంత తొందరగా పంపను" అన్నారు. కారులో వస్తూ ఆ మాట నాలో నేను ఎన్నిసార్లు అనుకున్నానో. మావారి ఉద్యోగం సముద్రంలో, చమురు తవ్వే రిగ్గు మీద. రెండు వారాలు అక్కడ, రెండు వారాలు ఇంట్లో. ఆవిణ్ణి ఇంటికి చేర్చి, నా చేతుల్లో పెట్టి, ఆయన డ్యూటీకి వెళ్ళిపోయారు.

చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాను. అత్తయ్య కిటికీ వైపు తిరిగి వాన చూస్తోంది.

"అత్తయ్యా, నీళ్ళు తాగలేదేంటి?"

"దాహం లేదమ్మాయ్. ముసురు పట్టి కూర్చుంది. చెమటే పోనప్పుడు దాహం ఎక్కడనుంచి వస్తాది?"

"పొద్దున చెంబు ఖాళీ అయిందిగా?"

"అయిందిగా మరి" అంది, నా వైపు చూడకుండా.

కిటికీ అవతల అరుగు మీద కనకాంబరాల కుండీ ఉంది. చూరు కింద ఉండడంతో దానిమీద జల్లు పడదు. అందులో మట్టి బురదై, పైన నీళ్ళు నిలబడి ఉన్నాయి. చెయ్యి చాపితే కిటికీ ఊచల్లోంచి ఆ కుండీ అందుతుంది. ఆవిడ పొద్దుటి నీళ్ళు ఎవరు తాగారో అర్థమైంది. ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టాను. కాస్త వెచ్చగా తగిలింది.

అప్పుడు నాకు రెండు రోజుల ముందు జరిగింది గుర్తొచ్చింది.

మా ఇంట్లో ఉన్నది ఒకటే కమోడ్. ఆ పూట అత్తయ్య వాకర్ పట్టుకుని లోపలికి వెళ్ళి, ఫ్లష్ నొక్కి, "అమ్మాయ్!" అని అరిచింది. పరుగెత్తి వెళ్ళేసరికి నీళ్ళు దిగాల్సింది పోయి పైకి వస్తున్నాయి. అంచు దాటి నేల మీదికి పొర్లాయి. ఆవిడ కొత్త మోకాలితో, తడి గచ్చు మీద, వాకర్ రెండు చేతులా బిగించి పట్టుకుని నిలబడిపోయింది. నెమ్మదిగా బయటికి నడిపించి, కుర్చీలో కూర్చోబెట్టి, గచ్చంతా కడిగాను. నేను కడుగుతున్నంతసేపూ ఆవిడ తలుపు దగ్గరే కూర్చుని నా చేతుల వంక చూస్తూనే ఉంది. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనం పడిపోతానేమోనన్న భయమనుకున్నాను. కాదు. తన వల్ల కోడలు ఆ పని చేయాల్సొచ్చిందన్న చిన్నతనం. ఆ పూట నుంచి ఆవిడ నీళ్ళు తాగడం మానేసింది.

"బెడ్ పాన్ తెప్పిస్తాను అత్తయ్యా, బాగయ్యేదాకా" అన్నాను.

"తెప్పించి? నువ్వెత్తి పోస్తావా? ఆసుపత్రిలో అంటే వాళ్ళ ఉద్యోగం. నా కోడలితో ఆ పని చేయించుకోను. నోరు ఎండబెట్టుకుని ఉండటం నాకు కొత్త కాదులే." తర్వాత నా మొహం చూసి జాలేసిందేమో, నవ్వింది. "ఏంటి అలా అయిపోతావు? ముప్పై ఏళ్ళు చేపలమ్మాను. తెల్లారగట్ల రేవులో వేలం పాటలో చేపలు పాడుకుని, బుట్ట నెత్తినెట్టుకుని మార్కెట్టుకెల్తే మధ్యాన్నం దాకా అక్కడే. మగాడికి ఏ గోడైనా చాలు. ఆడదానికి చాటెక్కడ? గంజి తాగి బయల్దేరడమే, మళ్ళీ ఇంటికొచ్చేదాకా చుక్క ముట్టేదాన్ని కాదు. మా వీధి ఆడోళ్ళందరం అంతే. ఎవత్తయినా మధ్యలో నీళ్ళు తాగిందంటే, 'ఏవే, ఇయ్యాల బేరం మానేసి పోతావా' అని ఏడిపించేవాళ్ళం."

పిల్లలిద్దరూ గుమ్మంలో నిలబడి వింటున్నారు. వాళ్ళకి మామ్మ మార్కెట్టు కబుర్లంటే ప్రాణం. చిన్నవాడు, "మామ్మా, మన బాత్రూమ్‌కి కూడా జ్వరమొచ్చిందా?" అని అడిగాడు. ఎదురింటి పిన్నిగారి ఇంట్లో నేల మీద కూర్చునే దొడ్డి ఉంది. పిల్లలిద్దరూ రెండు రోజులుగా గొడుగేసుకుని అక్కడికి వెళ్ళొస్తున్నారు. వాడికి అదో షికారు. అత్తయ్య మోకాలికి ఆ దారి లేదు.

మా అత్తయ్య గురించి కొంచెం చెప్పాలి. మా నాన్నది కిరాణా కొట్టు. మా పుట్టింట్లో గుడ్డు కూడా వండరు. నేను కాలేజీలో కలిసిన మనిషిని చేసుకుని ఈ ఇంటికి వచ్చిన రోజు, అత్తయ్య తన చేపల గిన్నెలన్నీ సర్దుకుని పెరట్లోకి మార్చింది. అక్కడ చూరు కింద వేరే పొయ్యి పెట్టుకుంది. నేను నొచ్చుకుని, "ఎందుకండీ, ఇది మీ ఇల్లు" అంటే, ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసి, "నువ్వు తినక్కర్లేదు, ముట్టుకోనక్కర్లేదు. నేను తింటున్నప్పుడు ముక్కు మూసుకోకుండా ఉంటే చాలు" అంది. నేను మూసుకోలేదు. ఆ రోజు నుంచి ఆవిడ నన్ను తన మనిషిలాగే చూసింది. ఇప్పటికీ చేప తినను. కానీ పులస ఏదో, దాని పేరు చెప్పి అమ్మే విలస ఏదో దూరం నుంచే చెప్పగలను. ఆవిడ నేర్పింది.

పోయిన ఏడాది పెద్దదానికి డెంగ్యూ జ్వరం వచ్చినప్పుడు నేను ఏడుపు తప్ప ఇంకేమీ చేయలేకపోయాను. రాత్రిళ్ళు దాని కాళ్ళ దగ్గర కూర్చున్నది అత్తయ్యే. జ్వరం తగ్గాక దోమల మీద యుద్ధం ప్రకటించింది. పంచాయితీ వాళ్ళు వచ్చి, సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి పాత గుడ్డ కట్టుకోండి, దోమలు అందులోంచే పుడతాయి అని చెప్పి వెళ్ళారు. "గుడ్డ నాలుగు వానలకి కుళ్ళిపోద్ది" అని, ఆవిడ తన సామాన్లలోంచి రొయ్య పిల్లలు పట్టే సన్న కన్నుల నైలాన్ వల తీసి, రెండు మడతలేసి, గొట్టం మూతికి సరిపోయే టోపీలా అల్లింది. మావారు డాబా ఎక్కి దాన్ని తొడిగి, ఆవిడ చెప్పినట్టే ముళ్ళు వేశారు. కింద పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆ వల సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

మర్నాడు పిల్లల్ని బడికి పంపగానే నేను కొంగు బిగించాను. ఇవాళ సాయంత్రంలోగా ఆ నీళ్ళు దిగాలి, అత్తయ్య నీళ్ళు తాగాలి. నాకు ఇంకేం అక్కర్లేదు.

ముందు ట్యాంకు తోడే బండి అతనికి ఫోన్ చేశాను. "ఈ వానల్లో ఊరంతా ఇదే గోలండి" అన్నాడు. "భూమిలో నీరు పైకొచ్చేసిందండి. ఇప్పుడు తోడినా తెల్లారేసరికి మళ్ళీ నిండిపోద్దండి. మీ వీధిలో బండి కూడా దిగబడిపోద్ది. ముసురు తగ్గనివ్వండి, నేనే వస్తానండి." అతను చెప్పింది నమ్మదగ్గ మాటే. మా వైపు వానాకాలంలో ఒక మూర తవ్వితే నీళ్ళు పడతాయి. కాలవ నిండుగా పారుతున్నప్పుడు మా పెరట్లో గచ్చు కూడా చెమ్మగిల్లుతుంది. ముసురు తగ్గేదాకా ఆగవచ్చు. నేనైతే ఆగేదాన్నే. అత్తయ్య ఒంట్లో వెచ్చదనం ఆగదు కదా.

ఈలోగా ఎదురింటి పిన్నిగారు గొడుగుతో, యాసిడ్ సీసాతో వచ్చారు.

"ఇది పోసెయ్యండమ్మా, ఇంకేం ఆలోచించకండి. మా ఆడపడుచు ఇంట్లో పోస్తే గొట్టాలతో సహా శుభ్రమైపోయింది."

"గొట్టాలతో సహానా?" అంది అత్తయ్య మంచం మీంచి. "అయితే ఇప్పుడు ఆవిడకి గొట్టాలు లేవేంటి వదినా?"

"మీకు మోకాలికి కోశారు గానీ నోటికి కోయలేదండీ" అని పిన్నిగారు నవ్వుతూ సీసా అక్కడే పెట్టి వెళ్ళిపోయారు. పిల్లలున్న ఇల్లు. ఆ సీసా తీసుకెళ్ళి పెరటి గోడ మీద, ఎవరికీ అందని చోట పెట్టేశాను.

ఫ్లష్ ట్యాంకు మూత ఎత్తి చూశాను. నీళ్ళు నిండుతున్నాయి. నొక్కితే రబ్బరు మూత లేస్తోంది, మళ్ళీ కూర్చుంటోంది. తప్పు అక్కడ లేదు. బకెట్‌తో నీళ్ళు తెచ్చి ఒక్కసారిగా పోశాను. నీళ్ళు అంచుకి రెండు వేళ్ళ దూరంలో ఆగి, నన్నే చూస్తున్నట్టు నిలబడి, చాలాసేపటికి దిగాయి. బజారు నుంచి తెచ్చిన, చివర రబ్బరు గిన్నె ఉన్న కర్రతో పైకీ కిందకీ గట్టిగా నొక్కి లాగాను. నా చీర తడిసిందే గానీ మార్పేమీ లేదు.

వెనక వాకర్ చప్పుడైంది. అత్తయ్య లేచి వచ్చింది. గుమ్మం బయట ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, కాలు స్టూలు మీదికి చాపుకుని కూర్చుంది, రేవులో పడవ వచ్చేదాకా ఎదురుచూసే మనిషిలా.

"నీ కొడుకు ఏదో బొమ్మ పడేసుంటాడు" అంది.

బట్టలారేసే తీగ ముక్క వంచి, లోపలికి పోనిచ్చి, చేతనైనంత మెలికలు తిప్పాను. బొమ్మా లేదు, గుడ్డా లేదు. తీగ ఒట్టిదే వచ్చింది.

"పాపం, పిల్లాణ్ణి అనవసరంగా అన్నాను" అంది అత్తయ్య. "మళ్ళీ పొయ్యి. ఈసారి నువ్వు మాట్లాడకు."

పోశాను. ఆవిడ కళ్ళు మూసుకుని తల ఒక పక్కకి వంచింది. నేను కూడా విన్నాను. మొదట ఏమీ లేదు. తర్వాత లోపలెక్కడో బుడుంగ్ మంది. ఒక పెద్ద బుడగ పైకొచ్చి పగిలింది. వెంటనే నీళ్ళు బెత్తెడు దిగాయి. మళ్ళీ ఆగాయి. మళ్ళీ బుడుంగ్.

"చూశావా? బుడగ వస్తేనే నీళ్ళు దిగతన్నాయి. ఆ బండి అబ్బాయి చెప్పినట్టు భూమిలో నీరే పైకి తంతా ఉంటే ఇవి నిలబడే ఉండాలి కదా. దిగకూడదు. ఇది నీళ్ళ గొడవ కాదమ్మాయ్. లోపల గాలి ఇరుక్కుంది. మూతి సన్నగా ఉన్న బిందె కాలవలో ముంచుతావు చూడు, బుడబుడమని గాలి బయటికొచ్చాకే లోపలికి నీళ్ళెల్తాయి. అలా ఉంది."

ఆ మాట వినగానే నాకు మా నాన్న కొట్టు కళ్ళముందుకొచ్చింది. నూనె డబ్బా కొత్తది తెరిచేటప్పుడు నాన్న మేకుతో ఒక మూల చిల్లు పొడిచి, ఆ తర్వాత ఎదురు మూల ఇంకొకటి పొడిచేవారు. చిన్నప్పుడు నేను, రెండోది ఎందుకు నాన్నా, దాంట్లోంచి నూనె రాదుగా అంటే, "అది నూనెకి కాదమ్మా, గాలికి" అనేవారు. రెండో చిల్లు లేకపోతే నూనె ధారగా రాదు. గుటక గుటకగా, ఆగి ఆగి పడుతుంది. అచ్చం ఇలాగే.

అత్తయ్యకి చెప్పాను. ఆవిడ కళ్ళు తెరిచి, "మరి మన డబ్బాకి రెండో చిల్లు ఎక్కడుంది?" అంది.

"పెరట్లో గాలి గొట్టం ఉంది కదా, డాబా పైదాకా..."

ఆవిడ మొహంలో ఏదో మారింది. కాసేపు తన చేతి వేళ్ళు చూసుకుంది. "పైకెళ్ళి చూడు. మెట్లు పాచి పట్టుంటాయి, గోడ పట్టుకుని ఎక్కు" అంది. నేను నాలుగడుగులు వేశాక వెనక నుంచి, "కత్తెర పట్టుకెల్లమ్మాయ్" అంది.

గొట్టం చూడటానికి కత్తెర ఎందుకో నాకు అర్థం కాలేదు. అయినా కుట్టు మిషను డబ్బాలోంచి తీసుకున్నాను.

వాన కాస్త తెరిపి ఇచ్చింది. డాబా మీద నల్లటి పొర. మా ఊళ్ళో కాలవ అవతల ధాన్యం మిల్లు ఉంది. ఊక కాల్చిన బూడిద గాలికి ఎగిరొచ్చి ఊరంతా పడుతుంది. ఆరేసిన బట్టలు దులిపి మడతపెట్టడం, అరుగు రెండు పూటలా తుడవడం ఇక్కడ అందరికీ అలవాటే. దాన్ని ఎవరూ పట్టించుకోరు. పిట్టగోడ పక్కన గాలి గొట్టం నా భుజం ఎత్తున ఉంది. దాని మూతి మీద నల్లగా, గట్టిగా, మాడిపోయిన అట్టులా ఏదో ఉంది. పైన చిన్న గుంటలో వాన నీళ్ళు నిలిచాయి. గోరుతో గీరితే బూడిద పెచ్చు ఊడింది. కింద నీలం రంగు నైలాను పోగు కనిపించింది.

ఏడాది బూడిద ఆ సన్న కన్నుల్లో కూరుకుని, వానకి తడిసి, ఎండకి ఎండి, మళ్ళీ తడిసి, సిమెంటు మూతలా బిగిసిపోయింది. పీల్చుకోవడానికి సూదిమొనంత సందు లేదు. ముడి విప్పుదామని వేళ్ళతో ప్రయత్నించాను. కదలలేదు. అప్పుడు తెలిసింది కత్తెర ఎందుకో. ఆవిడకి కింద కుర్చీలోనే అంతా అర్థమైపోయింది. అది తన చేతిపనే అని తెలిసి కూడా, దాన్ని కోయడానికి కత్తెర తనే ఇచ్చి పంపింది.

కత్తెర వేసే ముందు ఒక్క క్షణం ఆగాను. బూడిద కింద ముళ్ళన్నీ ఒకే కొలతతో, ఒకే బిగువుతో వరసగా ఉన్నాయి. ఏడాది ఎండావానా ఒక్క ముడిని కూడా సడలించలేదు. దీన్ని కోయాలంటే మనసొప్పలేదు. కోశాను. టోపీ ఊడిరాగానే గొట్టం లోపల నుంచి బుస్సుమని గాలి నా మొహాన కొట్టింది. ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి నేను ముక్కు మూసుకున్నాను.

దిగి వచ్చేటప్పుడు ఆ వల్ని పెరట్లోనే పారేద్దామా అనుకున్నాను. కానీ దాచాల్సిన అవసరం ఆవిడ నాకు ఉంచలేదు. చేతిలో పట్టుకునే లోపలికి వెళ్ళాను. ఆవిడ వల వైపు చూసింది. వాకర్ మీద లేచి, తనే లోపలికి అడుగేసి, తనే ఫ్లష్ నొక్కింది.

నీళ్ళు సుడి తిరిగాయి. గడగడమని ఒక్క చప్పుడుతో మొత్తం కిందికి జారిపోయాయి. అడుగున తెల్లటి పింగాణి మెరిసింది.

"ఓలమ్మో, ఒక్క గుక్కలో తాగేసింది" అంది అత్తయ్య. "ఎంత దాహం మీదుందో."

నేను వెళ్ళి రాగి చెంబు తెచ్చి ఆవిడ ఎదురుగా పట్టుకున్నాను. "ఇప్పుడు మీ వంతు."

ఆవిడ కుర్చీలో కూర్చుని, చెంబు పైకెత్తి, పెదవులకి తగలకుండా గొంతులో పోసుకుంది. ఆపకుండా తాగింది. ముడతలు పడిన ఆ గొంతు పైకీ కిందకీ కదులుతుంటే, ఆ నీళ్ళు నేనే తాగుతున్నట్టు నా ఒళ్ళు చల్లబడింది. ముప్పై ఏళ్ళ పాటు ఎండలో బుట్ట మోసి, పొద్దంతా నాలుక తడి లేకుండా బేరాలాడి, ఆ సంపాదనతో కొడుకుని చదివించిన గొంతు అది. ఇప్పుడు సముద్రంలో డ్యూటీ మీద ఉన్న ఆ కొడుక్కి కూడా ఈ సంగతి తెలిసుండదనిపించింది.

చెంబు బోర్లించి, మూతి తుడుచుకుని, వల అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. వేలితో బూడిద గీరింది.

"చేపని పట్టిన వలలు చూశాను, రొయ్యని పట్టినవి చూశాను. ఓసారి పాముని పట్టిన వల కూడా చూశాను. గాలిని పట్టిన వల మాత్రం ఇదే" అని పకపకా నవ్వింది. నవ్వి నవ్వి ఆగి, చిన్న గొంతుతో, "పిల్లకి మళ్ళీ ఆ జ్వరం రాకూడదని కట్టాను" అంది.

"రాలేదుగా అత్తయ్యా. ఈ ఏడాది ఇంట్లో ఎవరికీ రాలేదు."

"రాలేదులే" అంది తలూపుతూ. కాసేపటికి, "పెద్ద కన్ను వేసి ఒక్క మడతతో అల్లుతాను. నెలకోసారి పైకెళ్ళి దులపాలి. నీ మొగుడికి చెప్పు, ఆ పని వాడిదని" అని మళ్ళీ యథాస్థితికి వచ్చేసింది. సాయంత్రానికి రెండో చెంబు కూడా ఖాళీ అయింది. ఒంట్లో వెచ్చదనం తగ్గింది. ఈ మాట రాస్తుంటే కూడా నాకు కళ్ళు తడుస్తున్నాయి.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. పిల్లలు బడి నుంచి వచ్చారు. అలవాటు కొద్దీ సీసాలు ఎత్తాను. చిన్నవాడిది ఖాళీ. పెద్దదానిది ఎత్తగానే చెయ్యి కిందకి లాగింది. ముందు రోజు చెంబు లాగినట్టే. అదే బరువు.

ఈసారి కేకలేయలేదు. దాని పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగాను. మొదట ఆటలంది. తర్వాత నేల చూసింది. "మా బడి బాత్రూమ్ తలుపుకి గొళ్ళెం ఊడిపోయిందమ్మా. లోపలుంటే పిల్లలు తోసేసి నవ్వుతారు. అందుకని నీళ్ళు తాగను. తాగకపోతే వెళ్ళక్కర్లేదుగా." ఒక్క క్షణం ఆగి, తలెత్తి, గర్వంగా అంది: "మామ్మ కూడా తాగేది కాదుగా. నేను కూడా మామ్మలాగే ఉండగలను."

మంచం మీద అత్తయ్య కొత్త వలకి పోగులు తీస్తోంది. చేతులు ఆగిపోయాయి. ఏ కబుర్లు చెప్పి ఆవిడ ఇన్నేళ్ళూ మమ్మల్ని నవ్వించిందో, తనకి చేతులెత్తి మొక్కాలని నాకనిపించేలా చేసిందో, ఆ కబుర్లనే ఈ పిల్ల బడికి కట్టుకెళ్తోంది.

"ఇలా రావే" అంది అత్తయ్య. పిల్ల వెళ్ళి మంచం మీద కూర్చుంది. "నేను తాగకపోవడం గొప్పకి చేసింది కాదే. గతిలేక చేసింది. చాటు ఉండుంటే కుండెడు తాగేదాన్ని. మండే ఎండలో పక్కనే చలివేంద్రం పెట్టి నీళ్ళిస్తంటే మొహం తిప్పుకునేదాన్ని, తెలుసా? ఇంటికొచ్చాక కడుపులో మంటతో ముడుచుకుని పడుకునేదాన్ని. అది మీకెప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సింది."

ఆవిడ పోగులు పక్కన పెట్టి, "చెంబు తేవే" అంది. ఇద్దరూ చెరో గ్లాసు తాగారు. తర్వాత ఆవిడ నీలం నైలాన్ పోగులు మూడు పేటలు చేసి, తొడ మీద పెట్టి పేనుతూ కూర్చుంది. చివర ఉచ్చు వేసి, రెండో చివర కర్రముక్క కట్టింది. అది ఏమిటని నేను అడగలేదు. చూస్తేనే తెలుస్తోంది. తలుపు లోపలి నుంచి వేసుకునే గొళ్ళెం అది. "దీన్ని తోసి తలుపు తీయాలంటే పడవ ఇంజను కట్టాల" అంది.

ఇదంతా నిన్నటి సంగతి. రాత్రి పిల్లలు నిద్రపోయారు, అత్తయ్య గురక వినిపించింది. మధ్యలో ఒకసారి లేచి వాకర్ చప్పుడుతో వెళ్ళొచ్చింది, నీళ్ళు గడగడమని దిగిన చప్పుడు కూడా విన్నాను. ఇంత మంచి చప్పుడు ఇంట్లో ఇంకోటి లేదనిపించింది. ఆ ధైర్యంతోనే రాత్రి కూర్చుని ఇదంతా రాశాను.

ఇవాళ పొద్దున పెద్దదానికి జడలేసి, ఇద్దరికీ బూట్లు తొడిగి, రెండు సీసాలూ నింపి చేతికిస్తూ ఇలా చెప్పాను:

"ఇవాళ నేను కూడా మీతో బడికి వస్తున్నాను. మామ్మ పేనిన తాడు ఆ తలుపుకి కట్టి, కొత్త గొళ్ళెం పెట్టించమని టీచరుగారికి చెప్పి వస్తాను. పెట్టించేదాకా రోజూ వచ్చి అడుగుతాను, మీకు సిగ్గేసినా సరే. దాహమేస్తే తాగండి, వెళ్ళాలనిపిస్తే చెయ్యెత్తి వెళ్ళండి, ఎవరు నవ్వినా సరే. సాయంత్రం మీవి రెండు సీసాలు, మామ్మ చెంబు, మూడూ ఎత్తి చూస్తాను. ఒక్కటి కూడా బరువుగా ఉండకూడదు."